లారీ తెంపిన ఇంటర్వ్యూ

ఈ ఉదయం మా అమ్మాయి ఆన్‌లైన్‌లో ఉద్యోగం ఇంటర్వ్యూకి కూర్చుంది. సగంలో నెట్ పోయింది. బయటికొచ్చి చూస్తే, గ్రానైట్ రాయి వేసుకెళ్తున్న లారీ మా ఇంటి వైరును మళ్ళీ తెంపుకుపోయింది. గ్రానైట్ క్వారీలున్న చీమకుర్తిలో ఇది మామూలేనట! పిల్ల ఏడుపు చూసి ఒళ్ళు మండి వేరే కంపెనీకి ఫోన్ చేశాను.

మధ్యాహ్నం కొత్త కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిందెవరనుకున్నారు? పాత కనెక్షన్ చూస్తున్న కేబుల్ సుబ్బారావే!

"మన వీధికి ఏ కంపెనీ అయినా నేనేనండి మేడమ్" అన్నాడు నవ్వుతూ.

"ఈసారన్నా వైరు పైకి కట్టి చావవయ్యా!"

"ఉన్న స్తంభానికే కట్టాలి కదండీ. చిన్న రాళ్ళు ఎక్కించుకోమని లారీవాళ్ళకి మీరే చెప్పండి."

నీ కొత్త కనెక్షనూ వద్దు, నిచ్చెన తీసుకుని పొమ్మన్నాను. అతను గేటు దాటాక గుర్తొచ్చింది, తెగిన పాత వైరుకు జాయింట్ వేయాల్సిందీ అతనే. పళ్ళు కొరుక్కుంటూ వెనక్కి పిలిచాను.

ఇంటర్వ్యూ వాళ్ళు ఇంకా ఫోన్ చెయ్యలేదు.

ఏ కంపెనీ మంచిదని మిమ్మల్ని అడగను. మీ ఊళ్ళో ఎవరైనా వైరు ఎత్తు పెంచించి ఉంటే, ఎవరి కాలర్ పట్టుకుంటే పనైందో అది చెప్పండి.