తెర లోపలి చప్పుడు

లాల్‌గడి మలక్‌పేట్‌లో ముస్లింల ఇంట ఆడమనిషి కన్నుమూస్తే మొదటి కబురు మసీదుకు, రెండోది సఫూరాకు వెళ్ళేది. మసీదు మైకులో ఆ మాట చెప్పేలోపే సఫూరా బయల్దేరేది. పెరటి గోడకు ఆనించి ఉంచిన చెక్కబల్లను కొడుకు అదీబ్ భుజానికి ఎత్తి, రేగాకు మూట, కర్పూరం, తెల్లబట్టతో తనే కుట్టుకున్న చేతితొడుగులు చంకన పెట్టుకునేది. చనిపోయిన ఆడవాళ్ళకు ఆఖరి స్నానం, గుసుల్ అంటారు దాన్ని, చేయించడం ఆమె పని. అత్త దగ్గర నేర్చుకుంది. ఎవరి చేతి నుంచీ పైసా ముట్టుకోలేదు. దేవుడు చూసుకుంటాడన్నది ఆమె ధీమా.

ఆ పనికి ఒక పద్ధతి ఉంది. నాలుగు కర్రలు పాతి చుట్టూ దుప్పట్లు కడతారు. పక్కన లేఅవుట్‌లో విల్లాలు లేచాక బాల్కనీల్లోంచి కనబడుతుందని నెత్తిమీద కూడా ఒక దుప్పటి కట్టాల్సి వస్తోంది. లోపల ముచ్చట్లుండవు. మనిషి మీద కప్పిన గుడ్డ తీయకుండానే కడగాలి. ముందు తల వైపు కాస్త ఎత్తి, పొట్టను పైనుంచి కిందికి మెల్లగా నొక్కాలి, లోపల మిగిలిన గాలీ మలినమూ వెళ్ళిపోవాలి. ఆ తర్వాతే నీళ్ళు. వీటన్నిటికంటే పెద్ద నియమం ఇంకొకటి. తెర లోపల ఏం చూసినా, ఏం విన్నా, బయట నోరు విప్పకూడదు. మచ్చలు, పుళ్ళు, మొగుడు కొడితే కమిలిన వీపులు, ఎన్ని చూసిందో సఫూరా. ఆమె భర్త షౌకత్ కొత్తిమీర, పాలకూర పండించి మేడ్చల్ మార్కెట్‌కు తీసుకుపోయే మనిషి. ఊరి ముచ్చట్లంటే చెవి కోసుకుంటాడు. ఆయన కూడా పెళ్ళాం నోటి నుంచి ఒక్క ముక్క రాబట్టలేకపోయాడు.

అటువంటి సఫూరాకు పెద్దపేగులో గడ్డ లేచింది. సికింద్రాబాద్ ఆస్పత్రిలో కోసి తీసేశారు. మిగిలిన పేగు కొసను పొట్టకు ఎడమవైపు బయటికి తెచ్చి, దానిమీద ఒక సంచి అంటించారు. ఇక మలమైనా గాలైనా అందులోకే, బతికినన్నాళ్ళూ ఇంతే అన్నారు.

ఆపరేషన్ తర్వాత అందరూ ఎదురుచూసింది గాలి కోసమే. సంచిలోకి గాలి వస్తే పేగు కదిలినట్టు, అప్పుడే నోటికి జావ. అప్పటిదాకా పొట్ట కుండలా బిగిసిపోయి, తాకితే ప్రాణం పోయేటట్టుంది. డాక్టరు వచ్చినా అదే ప్రశ్న, ఊళ్ళోంచి ఫోన్ చేసినవాళ్ళదీ అదే ప్రశ్న. ఆఖరికి ఒక పొద్దున సంచి ఉబ్బింది. షౌకత్ వరండాలోకి పరుగెత్తి ఒకరి తర్వాత ఒకరికి ఫోన్ చేసి, "గాలొచ్చింది, అల్లా దయతోని గాలొచ్చింది" అని చెప్పుకున్నాడు. ఎదురింటి ఖైరున్‌బీ జర్దా వండి గల్లీ అంతా పంచింది. గల్లీవాళ్ళు నెయ్యి కారుతున్న ఆ తియ్యటి అన్నాన్ని వేళ్ళు నాకుతూ తిన్నారు. ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే తర్వాత గల్లీ మరిచిపోయింది.

సఫూరా, ఖైరున్ ఒకే ఏడు ఆ గల్లీకి కోడళ్ళుగా వచ్చినవాళ్ళు. ఖైరున్‌కు గుండె జబ్బు. ఆస్పత్రి నుంచి వచ్చిన సఫూరాను చూడ్డానికి గోడ పట్టుకుని గల్లీ దాటి వచ్చింది. మంచం మీద పక్కనే కూర్చుని, "నాకంటె ముంగట నువ్వు పోతవని బుగులు పడ్డ" అంది. "నన్ను నువ్వే కడగాలె. మా ఆడబిడ్డ చేతులు నాకొద్దు. గిన్నెలు తోమినట్టు తోముతది."

సఫూరా నవ్వబోయి, కుట్లు గుంజితే పొట్ట పట్టుకుంది. "నేనే కడుగుత" అంది.

మంచం మీద కూర్చున్నది ఆ ఒక్కతే. మిగిలినవాళ్ళు గడప దగ్గర నిలబడి పలకరించి, పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చామని వెళ్ళిపోయారు. పొయ్యి మీద పెట్టింది మాడిపోతుందన్న తొందర వాళ్ళకు అంతకుముందు ఎప్పుడూ లేదు.

సంచితో కాపురం నేర్చుకోవడం అంత తేలిక కాదు. ఆస్పత్రి నర్సు సాయిప్రియ విడమరిచి చెప్పి పంపింది. క్యాబేజీ, చిక్కుడు, శనగపప్పు తగ్గించాలి. సోడా వద్దు. మాట్లాడుతూ తినకూడదు, మింగిన గాలంతా సంచిలోకే వస్తుంది. పాన్ నమలొద్దు. రోజూ కాస్త నడవాలి. సంచి ఉబ్బితే బాత్రూంలోకి వెళ్ళి కింది క్లిప్పు తీసి గాలి వదలాలి. చప్పుడు వచ్చేటట్టుంటే అరచేయి దానిమీద మెత్తగా అదిమి పెట్టాలి. "అన్నిటికంటె ముఖ్యం, కడుపు ఖాళీగ ఉంచకు పెద్దమ్మా. ఖాళీ కడుపులనే గాలెక్కువ తిరుగుతది. కొంచెం కొంచెం తింటనే ఉండాలె" అని రెండుసార్లు చెప్పింది.

సఫూరా అన్నీ పాటించింది. కొత్త కోడలిగా ఉన్నప్పటి నుంచి దవడన ఉన్న పాన్ కూడా మానేసింది. అయినా గాలికి వేళాపాళా లేదు. నలుగురిలో ఉన్నప్పుడే సంచి గురగురమనేది. బయటికి పోనివ్వకుండా ఆపుకోవడానికి అక్కడ కండరమంటూ లేదు, ఎవరికి చెప్తే అర్థమవుతుంది? షౌకత్ టీవీ గొంతు పెంచేవాడు. మంచివాడే, ఒక్క మాట అనలేదు, కానీ ఆ టీవీ గొంతు పెరిగినప్పుడల్లా సఫూరాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. అరచేయి పొట్టమీద పెట్టుకోవడం ఆమెకు అలవాటైపోయింది. నడుస్తున్నా, కూర్చున్నా, ఎడమచేయి అక్కడే.

ఒక గురువారం మధ్యాహ్నం ఖైరున్‌కు ఊపిరి అందడం లేదని కబురొచ్చింది. సఫూరా అన్నం పళ్ళెం పక్కకు జరిపేసింది. సాయంత్రం జావ కూడా వద్దంది.

"తినకుంటె గ్యాస్ ఎక్కువైతదని ఆ సిస్టర్ జెప్పలే?" అన్నాడు షౌకత్.

"రోజా ఉన్ననని అనుకుంట. కడుపుల ఏం లేకపోతె ఏమొస్తది?"

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి రంజాన్‌లో ఒక్క రోజా విడిచిన మనిషి కాదు. ఉపవాసముంటే కడుపు తేలిగ్గా, శుభ్రంగా ఉంటుందని ఆమె ఒంటికి తెలుసు. ఆ నర్సు పిల్ల పుస్తకంలో చదివి చెప్పిందనుకుంది. తన ఒంటికి తెలిసింది పాత పేగు సంగతి అని, ఇప్పుడున్నది కోసి కుట్టిన పేగు అని ఆమెకు తోచలేదు. నెచ్చెలిని శుభ్రమైన కడుపుతో సాగనంపాలన్న ఆశ ముందు ఏ మాటా నిలవలేదు.

శుక్రవారం పొద్దున ఖైరున్ పోయింది. సఫూరా కొత్త సంచి అంటించుకుని, పైన గుడ్డపట్టీ గట్టిగా చుట్టుకుని వెళ్ళింది. తెర లోపల ముగ్గురు. తలవైపు సఫూరా, పక్కన ఖైరున్ ఆడబిడ్డ, నీళ్ళ బిందె దగ్గర ఖైరున్ కోడలు మరియా. మరియాకు ఇది మొదటిసారి.

సఫూరా చేతితొడుగులు వేసుకుంది. బిస్మిల్లా అని, ఎడమచేత్తో ఖైరున్ భుజాల కింద పట్టి ఎత్తింది. కుడిచేయి గుడ్డ మీదుగా పొట్టపై పెట్టి మెల్లగా కిందికి నొక్కింది. రెండు చేతులూ ఖైరున్ మీదే ఉన్నాయి. సరిగ్గా అప్పుడే చప్పుడు వచ్చింది. పొడుగ్గా, తెర అవతలి వాళ్ళకు కూడా వినబడేటట్టు వచ్చింది. వెనకే వాసన.

మరియా చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది.

"తౌబా తౌబా" అంది ఆడబిడ్డ, చచ్చిపోయిన వదిన ముఖంలోకి చూస్తూ. "ఎవల నోటికాడి కూడు గుంజుకున్నదో. సచ్చినంక కడుపుల నుంచి బయటవడుతాంది."

సఫూరా నోరు మూసుకుంటే సరిపోయేది. పొట్ట నొక్కితే శవంలోంచి గాలి రావడం ఉన్నదే. ఎవరూ అనుమానించరు. తన పని తనకుండేది, గల్లీలో తన మర్యాద తనకుండేది. కానీ తన గాలి వచ్చిందని జర్దా వండి పంచిన మనిషి బల్లమీద పడుంది, జవాబు చెప్పుకోలేకుండా. ఆ మాట ఆమె నెత్తిన వేసుకుని గోరీలోకి పోవాలా? సఫూరాకు ఒళ్ళు మండింది.

"గది ఖైరున్‌ది గాదు" అంది. "నాది. నా సంచిది."

ఆడబిడ్డ లేచి నిలబడింది. "గట్లయితె గీ నీళ్ళన్ని పారవొయ్యాలె. మళ్ళ మొదటికెల్లి జెయ్యాలె. నువ్వు బయటికి నడువు, సఫూరా."

"ఖైరున్ నన్నే అడిగింది. నా చేతులే గావాలన్నది."

"నీకు గిట్లయితదని ఆమెకు తెల్వదు గద."

తెలుసు. ఆ మంచం మీద, ఆ సంచి పక్కనే కూర్చుంది. కానీ ఆ మాటకు ఉన్న ఒక్క సాక్షీ చచ్చిపోయింది. సఫూరా తొడుగులు తీసి బల్లమీద పెట్టి తెర దాటి వచ్చింది. రేగాకు నీళ్ళు ముట్టుకోనే లేదు. లోపల నీళ్ళు పారబోసిన చప్పుడు, కొత్త నీళ్ళ చప్పుడు విన్నది. తర్వాత బల్ల కిర్రుమన్న తీరును బట్టి లోపల ఏం జరుగుతోందో ఆమెకు తెలిసింది. ఖైరున్ తల ఎత్తడం లేదు. పిండి పిసికినట్టు నొక్కుతున్నారు.

"మెల్లగ" అంది దుప్పటికి నోరు దగ్గరగా పెట్టి. "జర మెల్లగ నొక్కుర్రి."

లోపల బల్ల మళ్ళీ కిర్రుమంది.

జుమ్మా నమాజు అయ్యేసరికి ఊరంతా పాకింది. తెర లోపలి సంగతి బయట చెప్పకూడదన్న నియమం చచ్చినవాళ్ళ కోసం పెట్టింది. బతికున్నవాళ్ళ లోపం దాచమని ఎవరూ ఎవరికీ నేర్పలేదు. ఇన్నేళ్ళు సఫూరా ఊరి ఆడవాళ్ళందరి లోపాలు దాచింది కదా, ఆమెది ఒక్కటి దాచడానికి ముగ్గురిలో ఇద్దరికి సాయంత్రం దాకా కూడా ఓపిక లేకపోయింది.

షౌకత్ ఊరుకోలేదు. ఇమామ్‌ను అడిగాడు. బీమారీ ఉన్న మనిషికి మాఫీ ఉందని, కడిగేవాళ్ళకు గాలి వచ్చినంత మాత్రాన చనిపోయినవాళ్ళ గుసుల్ చెడదని ఆయన స్పష్టంగా చెప్పాడు. షౌకత్ ఆ మాట ఇంటింటికీ మోశాడు. అందరూ అవునవునన్నారు. ఆ తర్వాత వీధి చివర ఒక ముసలామె పోతే షామీర్‌పేట నుంచి ఆటోలో ఎవరినో పిలిపించారు. మసీదు మైకు మోగగానే సఫూరా అలవాటు కొద్దీ లేచి నిలబడింది. ఎవరూ రారని గుర్తొచ్చి కూర్చుంది.

"చప్పుడు జెయ్యకుంట ఊకుంటె అయిపోవు గద" అన్నాడు షౌకత్ ఒకరోజు, ఆకుకూర కట్టలు కడుతూ.

"ఖైరున్ మీద ఏసి ఊకోవాల్నా?"

ఆయన ఇంకో కట్ట అందుకున్నాడు. సఫూరాకు కోపం ఆయన మీద కాదు. కానీ ఎవరి మీద చూపించాలో తెలియని కోపం మొగుడి మీదే పడుతుంది, అంతే.

వానలు మొదలయ్యాక ఒక పగటిపూట మరియా వచ్చింది. గడప బయటే నిలబడింది. షామీర్‌పేట ఆమెకు మోకాళ్ళ నొప్పులట, ఇక రానందట. ఊళ్ళో పెద్దలు ఈ పని మరియాను నేర్చుకోమన్నారట. బల్ల, తొడుగులు తీసుకురమ్మన్నారట.

"గోడకున్నది, తీస్కపో" అంది సఫూరా. లోపలికి వెళ్ళి, ఆ శుక్రవారం బల్లతో పాటు తిరిగొచ్చిన తొడుగులు తెచ్చింది. ఉతికి, మడిచి, మధ్యలో కర్పూరం పెట్టి ఉన్నాయి.

మరియా అందుకుంది గానీ కదల్లేదు. "ఖాలా, పొట్ట ఎట్ల నొక్కాలె? ఆ రోజు అత్తమ్మను నొక్కంగ బొక్క ఇరుగుతదేమో అన్పించింది. నాకు నిద్ర వడుతలేదు."

సఫూరా ఆ పిల్ల ముఖంలోకి చూసింది. చున్నీ ముక్కుకు పెట్టుకున్నది ఈ పిల్లే. సంగతి గల్లీలోకి మోసిన ఇద్దరిలో ఒకతె ఈ పిల్లే. అయినా ఆమె చేయి పట్టుకుని లోపలికి లాగి, మంచం మీద వెల్లకిలా పడుకుంది. మరియా అరచేతిని తన బొడ్డు పైన పెట్టుకుని, మీద తన చేయి వేసింది.

"గీడికెల్లి కిందికి. వేళ్ళతోని గాదు, అరచేయితోని. నిద్రవోయిన పిల్లను సదిరినట్టు."

మరియా నొక్కింది. చేయి బాగానే పడింది. సంచిలోంచి సన్నగా గాలి చప్పుడైంది. మరియా చేయి చటుక్కున గుంజుకుని, పెరట్లో నల్లా దగ్గరికి వెళ్ళి సబ్బు రుద్దుకోసాగింది. రెండోసారి కూడా రుద్దుకుంది.

సఫూరా మంచం మీంచి లేవలేదు. గొంతు కూడా పెంచలేదు.

"నన్ను కడిగేది గూడ నువ్వే గదనే, మరియా. అప్పుడు చేయి గుంజుకోకు" అంది. "అప్పుడైతె బయట చెప్పొద్దు. సచ్చినోళ్ళది దాయాలె."

నల్లా ఆగింది. మరియా బల్లను నెత్తికెత్తుకుని, వాన తగ్గకముందే గల్లీలోకి నడిచింది. సఫూరా ఎడమచేయి పొట్ట మీదికి చేర్చుకుంది.