పెరటి అరుగు మీద అతిథి

దయ్యాలున్నాయని నాతో వాదించి గెలిచినవాళ్ళు మా ఊళ్ళో లేరు. హైస్కూల్లో చరిత్ర చెప్పినదాన్ని. "ఎవరు చూశారు? సాక్ష్యమేది?" అనేదాన్ని. ఎదుటివాళ్ళు నీళ్ళు నమిలేవారు. ఇప్పుడు రాయబోయేదాంట్లో దయ్యం లేదు. సాక్ష్యం మాత్రం ఉంది. నా ఇబ్బందంతా అదే.

మాది కొత్తపేట దగ్గర ఊరు. తొంభైల చివర్లో మా గ్రంథాలయం వాళ్ళు ఊరి చరిత్ర పుస్తకం వేస్తూ, ఊరి ప్రముఖులు, ఊరికొచ్చిన ప్రముఖుల అధ్యాయం నాకప్పగించారు. కొండల మీది ఊళ్ళకైతే వేసవి గడపడానికి దొరలూ జమీందార్లూ వచ్చేవారు. మా కొబ్బరితోటల మధ్యకి ఎవరొస్తారు? ఒక ప్లీడరు, ఇద్దరు డాక్టర్లు, మిషను బడి పెద్ద పంతులమ్మ, ఓట్లకోసం వచ్చిన ఒక మంత్రి. వీళ్ళందరినీ మించిన పేరు ఒక్కటే. యాభై ఏళ్ళ కిందట, నేను పుట్టకముందు, నాటకానికొచ్చి మూడు రోజులున్న పద్యనటుడు. ఆయన పేరు రాయను. రాస్తే మళ్ళీ మా తోడికోడలు విజయ పుట్టింటికే గొప్ప.

అవును, ఆయన దిగింది విజయ పుట్టింట్లోనే. మా ఇద్దరి పుట్టిళ్ళూ ఈ ఊళ్ళోనే. ఆ రోజుల్లో నాటకసమాజం వస్తే ఇళ్ళు వంతులేసుకుని భోజనం పెట్టేవి. రాజు వేషం కట్టేవాడు పెద్దింటికి, మిగతావాళ్ళు మిగతా ఇళ్ళకి. మా ఇంటి వంతుకి హార్మోనిస్టూ, తెరలు మోసే ఇద్దరూ వచ్చారు.

"ఆయన పడుకున్న పందిరిమంచం ఇప్పటికీ అలాగే ఉందండి అక్కయ్యగారూ, దానిమీద ఎవర్నీ కూర్చోనివ్వం. మీ ఇంటికి తెరలవాళ్ళు వచ్చేరు కదండీ?" అనేది విజయ. పండక్కీ పబ్బానికీ, పదిహేనేళ్ళు విన్నాను ఆ "కదండీ"ని. ఒళ్ళు మండిపోయేది.

అందుకే అబద్ధం రాశాను. చరిత్ర చదువుకున్నదాన్ని, తెలిసే రాశాను. రెండో రోజు మధ్యాహ్నం ఆయన హార్మోనిస్టుని వెతుక్కుంటూ మా ఇంటికొచ్చి, మా మామ్మ వండిన పనసపొట్టు కూరతో అన్నం తిని, పెరటి అరుగు మీద కునుకు తీశారని.

చిత్తుప్రతిలో ఇంకా రాశాను. కాల్లో ముల్లు దిగి, వాచిన పాదంతో కుంటుతూ వచ్చారని. మామ్మ ఇత్తడి బేసిన్లో వేణ్ణీళ్ళు పోసి కాలు పెట్టించిందని. "రాజువై ఉండి చెప్పులు కొనుక్కోలేకపోయావా" అని కేకలేసిందని. రాస్తుంటే నాకే ముచ్చటేసింది. కానీ మరీ నాటకంలా ఉందనిపించి ఆ కాగితం తీసేసి, వేణ్ణీళ్ళ కాగు కింద పెట్టాను. కొబ్బరి డొక్కలతో పాటు కాలిపోయింది. ఒక్కరికీ చదివి వినిపించలేదు.

మామ్మా తాతగారూ నాన్నగారి పెళ్ళికి ముందే పోయారు. నాన్నగారు నా రెండో ఏట పోయారు. మా అమ్మకి అత్తగారంటే గోడమీది ఫొటోయే.

పుస్తకావిష్కరణ సాయంత్రం నాలుగింటికి, గ్రంథాలయం ముందు పందిట్లో. ఆ హార్మోనిస్టు ఇంకా బతికే ఉన్నారని తెలిసి, కె.గంగవరం వైపు నుంచి కారులో తీసుకొచ్చారు. ఎనభై దాటాయి. రెండు కళ్ళకీ చూపు లేదు. ఆయన్ని చూడగానే, నా అబద్ధం పట్టుకోగల ఒకే ఒక్క మనిషి వచ్చారనుకున్నాను.

పుస్తకాలు పంచారో లేదో, విజయ లేచింది. ఆ పేజీలో వేలు పెట్టుకుని మరీ.

"అక్కయ్యగారూ, ఆ మహానుభావుడు మా ఇంట్లో తప్ప ఎక్కడా మంచినీళ్ళు కూడా ముట్టలేదని మా నాన్నగారు చెప్పేవారండి. మీ ఇంట్లో పనసపొట్టు ఎప్పుడు తిన్నేరండీ? సాక్ష్యం ఎవరండీ?"

నా మాటే నా మీదకి విసిరింది. ఎదురుగా హెడ్మాస్టరుగారు, నా దగ్గర చదువుకుంటున్న పిల్లలు. మర్నాడు ఏ మొహం పెట్టుకుని పాఠం చెప్పను? కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. నన్నొకరు సాక్ష్యం అడగడం ఊరు చూడడం అదే మొదటిసారి.

"ఎవరమ్మా అది? నేనున్నాను కదా," అన్నారు హార్మోనిస్టుగారు కుర్చీలోంచి. "తిన్నేరమ్మా. పక్క విస్తరి నాదే. కాలు వాచిపోయిందండి ఆయనకి, ముల్లు దిగి. ఆ తల్లి బేసిన్లో వేణ్ణీళ్ళు పోసి కాలు పెట్టించి ఎన్ని చీవాట్లు పెట్టేరనుకున్నారు! రాజువై ఉండి చెప్పులు కొనుక్కోలేకపోయావా అన్నారండి. అంత మనిషీ కిక్కురుమనలేదండి. ఆయ్!"

పందిరంతా నవ్వింది, చప్పట్లు కొట్టింది. నేను మాత్రం కాగు కింద కాలిపోయిన కాగితాన్నే తలుచుకున్నాను.

సభ అయ్యాక ఆయన పక్కన కూర్చున్నాను. "బాబాయిగారూ, పుస్తకంలోది మీకెవరైనా చదివి వినిపించారా?"

"లేదమ్మా. కారు దిగి తిన్నగా ఇక్కడ కూర్చున్నాను."

"ముల్లు సంగతి ఇదివరకు ఎవరికైనా చెప్పారా?"

"ఎవరడిగేరమ్మా? అందరూ ఆ పెద్దింటి మంచం గురించే అడిగేవారు."

ఆ రాత్రి విజయ అన్నం తినలేదని మా మరిది చెప్పాడు. ఆ మొహం వాడిపోతే చూడాలని పదిహేనేళ్ళు ఎదురుచూసినదాన్ని. చూశాను. కానీ ఆ తిట్టు నా సొంతమనుకున్నాను, మామ్మదట. ఇంత గొప్ప సంగతిని ఒక్కరికీ చెప్పుకోకుండా ఆవిడ ఎలా పోయిందా అని, ఆవిడ మీద కూడా కుళ్ళు పుట్టింది నాకు. మా పుట్టింటి అటకంతా వెతికాను. బేసిన్ దొరకలేదు. దొరికుంటే ఏమైపోయేదాన్నో.

మరుసటి ఏడు హార్మోనిస్టుగారు పోయారు. రెండు వేల సంవత్సరం దాటాక పుస్తకం మళ్ళీ అచ్చేస్తూ, ఆ చెప్పుల మాట కూడా చేర్చమన్నారు. నావల్ల కాలేదు. కింద సాక్ష్యం ఏమని రాయను?

ఆ రోజుల్లోనే ఓ మధ్యాహ్నం విజయ వచ్చి వంటింటి పీట మీద కూర్చుంది.

"నిజం చెప్పండి అక్కయ్యగారూ, ఆ చీవాట్ల సంగతి మీకు ముందే తెలుసు కదండీ? మా ఇంట్లో పట్టుపరుపు వేసేరు, వెండిగ్లాసిచ్చేరు. అంత చనువుగా ఆయన్ని తిట్టినవాళ్ళు మాత్రం మా ఇంట్లో లేరండి."

మొదటిసారి జాలేసింది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. మీ మంచం మీద అక్కసుతో కల్పించానని, కాగు కింద కాగితంతో సహా.

విజయ నన్ను ఎగాదిగా చూసి లేచింది. "అంత గొప్ప సంగతి దాచుకుని, ఇప్పుడు అబద్ధమంటారేంటండీ? నాతో పంచుకోవడానిక్కూడా మీకు అసూయేనండి," అని వెళ్ళిపోయింది.

నా అబద్ధాన్ని ఊరంతా నమ్మింది. నిజం చెబితే ఒక్క మనిషీ నమ్మలేదు. ఆ చెప్పుల మాట నా చేతికెలా వచ్చిందో నాకూ తెలియదు. సాక్ష్యమేదని నన్నడగకండి.