మాడిన సీసా

సీసాలమ్మ సాధించిన మొట్టమొదటి ఘనకార్యం నారింజ జాం గట్టిపడేలా చేయడం. వినడానికి చిన్నదే గానీ, దానికి ఏళ్లు పట్టింది. ఎంతసేపు ఉడికించినా సీసాలో పోస్తే నీళ్లలా పారేది. "ఇది తినాలా, తాగాలా?" అని ఆడపడుచు ఎకసెక్కాలాడేది. చివరికి చెత్తలో పడేసే గింజలనే గుడ్డలో మూటగట్టి, పండ్లతోపాటు ఉడకనిచ్చింది. చల్లటి పళ్లెం మీద చుక్క వేసి వేలితో నెడితే సన్నగా ముడత పడింది. ఆ ముడతను చూసి పొయ్యి ముందే కూలబడి ఏడ్చింది.

అక్కడినుంచి ఆమె చెయ్యి తిరిగింది. పగలంతా నూలు మిల్లులో కండెలు చుట్టి, సాయంత్రాలు పండ్లు తరుగుతూ కూతుళ్లిద్దరినీ చదివించుకుంది. జామ, అనాస, అత్తి, ఆమె చేతిలో పడి సీసాకెక్కని పండు లేదు. వీధిలో అందరికీ ఆమె అసలు పేరు మరుపున పడిపోయింది. ఇంత చేసినా ఒక్క సీసా అమ్మి ఎరుగదు. బిడ్డ పుట్టిన ఇంటికి, కొత్తగా అద్దెకు దిగినవాళ్లకు, మిల్లులో పని పోయి దిగులుగా కూర్చున్నవాళ్లకు తనే తీసుకెళ్లి ఇచ్చేది. ఒకటే షరతు. తిన్నాక సీసా కడిగి, ఎవరిది వాళ్లే తెచ్చివ్వాలి. పిల్లల చేత పంపితే తీసుకునేది కాదు. వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడి రెండు మాటలు చెప్పి వెళ్లేవాళ్లు. ఆమెకు కావలసింది ఆ రెండు మాటలే.

ఆడపడుచుతో మాత్రం మొదటినుంచీ పొసగలేదు. భర్త పోయాక ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టే మనిషి కూడా లేకుండా పోయాడు. వీధికి ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు. అయినా ఏటా మొదటి సీసా ఆ ఇంటికే వెళ్లేది. ఏటా ఏదో ఒక వంకతో తిరిగొచ్చేది.

ఈ ఏడాది సీసాలన్నీ ఎన్నడూ లేనంత త్వరగా తిరిగొచ్చాయి.

"అప్పుడే అయిపోయిందటే?" అని అడిగింది సీసాలమ్మ, ఎదురింట్లో బట్టలు కుట్టే అమ్మాయిని.

"మీ చేతిది ఆగుతుందా పిన్నీ" అంటూ ఆ అమ్మాయి సీసా అందించి, చూపు తిప్పుకుంది.

సీసాలమ్మ పొంగిపోయి రెండో విడతకు పండ్లు కొనుక్కొచ్చింది. తొక్కలు తరుగుతుండగా ఆడపడుచు వచ్చింది. చేతిలో నిండు సీసా.

"ఏం వదినా, ఈసారి మూత తీయడానికి కూడా మనసొప్పలేదా?"

"తీశాను. ఒక చెంచా తిన్నాను. మాడిపోయిందే అది."

"నీకు నా చేతిది ఎప్పుడు నచ్చింది గనక."

"తీపి ఎక్కువన్నాను. తొక్కలు మందమన్నాను. మాడిందని ఎప్పుడైనా అన్నానా?"

సీసాలమ్మ మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒక చెంచా నోట్లో వేసుకుంది. తీపి తెలిసింది. ఇంకేమీ తెలియలేదు. చలికాలంలో పట్టిన జలుబు తగ్గాక ముక్కు మొద్దుబారితే, మిల్లులో దూది దుమ్మేలే అని ఊరుకుంది. గిన్నె అడుగంటడం పెరట్లోంచే పసిగట్టే మనిషి ఆమె.

"మరి వీళ్లంతా తిన్నారు కదా?"

"ఎక్కడ తిన్నారు? ప్రేమగా ఇచ్చినదానికి వంక పెడితే బాగుండదని పారబోసి, సీసా కడిగి తెచ్చారు. మంచివాళ్లు పాపం. నాకంత మంచితనం లేదు."

సీసాలమ్మ కత్తి కింద పెట్టింది. "రుచే తెలియకపోతే ఇక ఎవరికేం పెడతాను వదినా?"

"ముందు డాక్టరుకి చూపిద్దాం పద. ఏడుపు తర్వాత."

ముక్కులో కండ పెరిగిందన్నాడు డాక్టరు. ఆపరేషన్ చేయాలి. వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, ముందే చెప్పలేనన్నాడు. పెద్ద కూతురు ఉండే ఊళ్లో పెద్దాసుపత్రి ఉంది. పుండు మానేదాకా అక్కడే ఉండాలి.

బస్సు దాకా సంచి మోసింది ఆడపడుచే.

"ఆ మాడింది పారెయ్ వదినా, చూస్తుంటే సిగ్గుగా ఉంది."

"పారెయ్యను. నువ్వు బస్సు దిగి రాగానే అందులోంచి ఒక చెంచా నీ నోట్లో పెడతాను. థూ అని ఉమ్మావనుకో, కొత్త పండ్లు కొని పొయ్యి వెలిగిద్దాం."

"ఉమ్మకపోతే?"

ఆడపడుచు సంచిని సీటు కిందికి తోసింది. కాసేపు దాని పట్టీ సరిచేస్తూ ఉండిపోయింది.

"ఉమ్మకపోయినా వెలిగిద్దాం. పొయ్యి దగ్గర నేను కూర్చుంటాను. నా ముక్కు సంగతి నీకు తెలుసుగా, వంకలు పట్టడానికే పుట్టింది."

ఇప్పుడా సీసా ఆడపడుచు వంటింటి అలమరలో, మూత బిగించి ఉంది. పక్కనే ఒక చెంచా. సీసాలమ్మ తిరిగొచ్చేది వచ్చే నెల పద్నాలుగో తేదీ, గురువారం.