వదిన సైకిలు హ్యాండిల్

కాయల సీజను నడుమ మా ఆటో బోల్తా పడింది. నూజివీడు మామిడి యార్డులో కాయలు ఏరే పనికి మా ఊరి ఆడవాళ్లం ఎనిమిదిమందిమి రోజూ అందులోనే వెళ్లేవాళ్లం. ఎదురొచ్చిన ట్రాక్టరును తప్పించబోయి ఆటో పక్కకు ఒరిగిపోయింది. నా కుడి మణికట్టు విరిగింది. వదిన అక్కడికక్కడే పోయింది. సొంత వదిన కాదు, ఊరి వరస. పద్నాలుగేళ్లు నా పక్కనే, కాయలు పోసే ఒకే గడ్డిపరుపు ముందు కూర్చుని బంగినపల్లి కాయలు వేరుచేసిన మనిషి.

బెజవాడలో ఆపరేషన్ చేసి నా చేతికి ప్లేటు వేశారు. కట్టు విప్పాక వారానికి రెండుసార్లు నూజివీడు ఆసుపత్రికి వెళ్లి చేతికి వ్యాయామం చేయించుకోమన్నారు. ఆటో ఎక్కబోతే ఒళ్లంతా చెమటలు పట్టేవి. ఒకసారి ఎక్కి, పది అడుగులు పోకముందే ఆపించి దిగిపోయాను. మా ఆయన తెల్లవారకముందే తోట కాపలాకు వెళ్లిపోతాడు. అందుకని మా అమ్మాయి బడికి తొక్కిన సైకిలు బయటికి తీశాను. దాని హ్యాండిలు తిన్నగా, కిందికి ఉంటుంది. ముందుకు వంగితే ఒంటి బరువంతా మణికట్టు మీదే పడేది. ఊరి చివర కల్వర్టు దాకా పోయేసరికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఊళ్లో సైకిళ్లు బాగుచేసేది వదిన భర్త ఒక్కడే. ఆ ప్రమాదం తర్వాత నేను ఆయన ముఖం చూడలేదు. దినాలకు వెళ్లినా ఆడవాళ్ల మధ్యే కూర్చుని వచ్చేశాను. ఆ వీధిలోంచి నడవాల్సి వస్తే చుట్టూ తిరిగి పోయేదాన్ని. మా ఆయనే ఒక ఆదివారం నాతో చెప్పకుండా సైకిలు తీసుకెళ్లి అక్కడ పెట్టొచ్చాడు. ఇక వెళ్లక తప్పలేదు.

ఆయన సైకిలును నా ముందు నిలబెట్టాడు. హ్యాండిలు పట్టుకుని నిలబడమని, నా మణికట్టు ఎక్కడ వంగుతోందో కాసేపు చూశాడు. హ్యాండిలు నాలుగు వేళ్లు పైకి లేపాడు. గ్రిప్పు లావుగా ఉంటే పిడికిలి బిగించక్కర్లేదని పాత గుడ్డ చుట్టి, పైన ట్యూబు ముక్క తొడిగాడు. కుడి బ్రేకు నొక్కలేనని ఎడమది బాగా బిగించాడు. రెండు రోజులు తొక్కాను. నొప్పి తగ్గింది గాని పోలేదు. మళ్లీ వెళ్తే ఆ సంగతి చెప్పకుండానే ఆయనకు అర్థమైంది. లోపలికి వెళ్లి వదిన సైకిలు నడిపించుకొచ్చాడు. ఆటో మాట్లాడుకోకముందు ఆవిడ యార్డుకు దాని మీదే వచ్చేది. దాని హ్యాండిలు రెండు కొమ్మల్లా వెనక్కి వంగి ఉంటుంది. నడుము నిటారుగా ఉంచి తొక్కొచ్చు.

ఆయన స్పానర్ తీసుకుని ఆ హ్యాండిలును విప్పసాగాడు. వద్దన్నాను.

"ఇంక ఈ సైకిలు ఎవరు తొక్కుతారమ్మా?" అన్నాడు.

ఇక నావల్ల కాలేదు. ఆ రోజు ఆటోలో బయటి అంచున కూర్చోవలసింది నేనని చెప్పేశాను. ముందురోజు జ్వరం తగిలి నీరసంగా ఉంటే, తూలిపడతావు లోపలికి జరగమని వదినే లేచి నా చోట్లో కూర్చుంది.

ఆయన నట్టు విప్పడం ఆపలేదు.

"తెలుసమ్మా. ఆటోలో ఉన్నోళ్లు ఆ రోజే చెప్పారు."

"మరి ఒక్క మాటయినా అనలేదేంటి అన్నయ్యా?"

"కోపం రాలేదని కాదు. రెండు నెలలు నిన్ను తలుచుకుంటేనే మండిపోయేది. కానీ నిన్ను జరగమన్నది తనే కదా. నిన్నంటే, తను చేసింది తప్పన్నట్టే."

వదిన హ్యాండిలును నా సైకిలుకు బిగించి, నన్ను ఎక్కించి, సీటు కొంచెం దించాడు. మళ్లీ ఎక్కమన్నాడు. మోచేతులు ఎలా వంగుతున్నాయో చూసి హ్యాండిలును ఒక్క పిసరు నావైపు తిప్పాడు. ఈసారి చేతి మీద బరువు పడలేదు. తలూపాను. ఆయన అటు తిరిగి, హ్యాండిలు లేని ఆ సైకిలును గోడకు ఆనించబోతే అది నిలవక రెండుసార్లు జారింది.

మరుసటి వేసవిలో ఆయన కొట్టు మూసేసి చింతలపూడిలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. నా మణికట్టు ఇప్పటికీ పూర్తిగా తిరగదు. ట్రేలు ఎత్తలేను. యార్డులో కూర్చుని కాయలకు కాగితాలు చుట్టే పని ఇచ్చారు. దానికి వదిన హ్యాండిలున్న ఆ సైకిలు మీదే వెళ్లొస్తున్నాను.

అన్నయ్య అప్పుడప్పుడూ ఫోన్ చేసి చెయ్యెలా ఉందని అడుగుతాడు. బాగుందంటాను. అయినా వెంటనే పెట్టేయడు. కాసేపయ్యాక, "ఉంటానమ్మా" అంటాడు.