మేము వద్దన్న రోడ్డు

మా గల్లీకి కొత్త సీసీ రోడ్డు మంజూరైందని తెలిసిన రోజు నాకు ఒళ్లు మండిపోయింది. పాలమూరు దిక్కు ఒక చిన్న పట్టణం మాది. రోడ్డు పాడైన ప్రతిసారీ పాతదాన్ని తవ్వకుండా దాని మీదే ఇంకో పొర పోసి వెళ్లిపోయేవాళ్లు. రోడ్డు పెరిగేకొద్దీ మా ఇళ్లు కుంగిపోతూ వచ్చాయి.

మా మామ ఇల్లు కట్టినప్పుడు రెండు మెట్లెక్కి లోపలికి పోయేవాళ్లట. నేను కోడలిగా వచ్చేనాటికి ఒక మెట్టు మిగిలింది. తెలంగాణ వచ్చాక ఇంకో పొర పడి ఆ మెట్టూ మునిగింది. గడప రోడ్డుతో సమానమైంది, ఇంట్లోకి దిగాల్సి వచ్చింది. ఇనుప గేటు తెరుచుకోకపోతే వెల్డింగు అతన్ని పిలిచి అడుగుభాగం కోయించాం. విచిత్రమేమిటంటే ప్రతిసారీ కొబ్బరికాయ కొట్టి, పనివాళ్లకు చాయ్ పోసి మరీ ఆ రోడ్డు వేయించుకున్నది మేమే.

ఇరుగుపొరుగు వాళ్లు తలుపుల ముందు సిమెంటు గట్లు కట్టుకున్నారు. మా అత్తమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "గట్టు గడితే గడప యాడ గనపడుతది? గట్టుకు రాయాల్నా పసుపు?" అని కసిరింది. శుక్రవారం ఆమె గడపకు పసుపు రాసి బొట్లు పెట్టకుండా మంచినీళ్లు కూడా ముట్టదు. వానొస్తే రోడ్డు మీది నీళ్లు ఆ పసుపును కడిగేసి ఇంట్లోకి వచ్చేవి. గోనెసంచులు అడ్డం పెట్టి, చెంబులతో తోడిపోసేవాళ్లం.

రోడ్డు వార్త విన్న మా ఆయన తేల్చి చెప్పాడు. "ఇంకో పొర పడ్డదంటే గీ ఇంట్ల ఉండలేం. అమ్మేసి కిరాయింటికి పోదాం." అత్తమ్మ ఆ పూట అన్నం తినలేదు. మామ పోయాక ఆమెకున్న ధైర్యమంతా ఆ ఇల్లే.

అందుకే కంకర లారీ వచ్చిన పొద్దున నేను వెళ్లి దాని ముందు నిలబడ్డాను. నా నోరు సంగతి గల్లీలో అందరికీ తెలుసు. అయినా ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి నా పక్కన చేరారు. కాసేపటికి మున్సిపాలిటీ ఇంజనీరు బండి మీద వచ్చాడు.

"గిదేందమ్మా! అన్ని గల్లీలోళ్లు రోడ్డు గావాలని ఆఫీసు సుట్టు తిరుగుతరు. మీరు వద్దంటరేంది?"

"వద్దంటలేం సార్. పాతది తవ్వి ఎయ్యమంటున్నం."

"ఎస్టిమేట్ల తవ్వుడు లేదమ్మా."

నేను గొంతు పెంచాను. ఆయనా పెంచాడు. అప్పుడు అత్తమ్మ నన్ను పక్కకు జరిపి, "సారు, పొద్దుగాల్నే వచ్చినవు. లోపలికి రా, జర చాయ్ తాగు" అంది. కొట్లాట మధ్యలో ఈ మర్యాదలేమిటని నాకు చిర్రెత్తింది.

ఆయన చెప్పులు గడప దగ్గర విడిచి, లోపలికి దిగి కుర్చీలో కూర్చున్నాడు. అత్తమ్మ చాయ్ గ్లాసు చేతికిచ్చి బయటికి నడిచింది. అది నల్లా వచ్చిన పూట, వాకిట్లో నిండు బిందెలు వరుసగా ఉన్నాయి. చుక్క నీళ్లు ఒలికినా నన్ను తిట్టే మనిషి, ఒక బిందె ఎత్తి తీసుకెళ్లి రోడ్డు నడిమధ్యన కుమ్మరించింది. పక్కింటామెకు వెంటనే అర్థమైంది. ఆమె తన బిందె తెచ్చి పోసింది. ఆ వెనక ఇంకొకామె, ఆమె వెనక నేను.

నీళ్లు తిన్నగా మా గడప దాటాయి. ఇంజనీరు చెప్పులు తేలుకుంటూ వచ్చి ఆయన్ని దాటి వంటింటి దిక్కు పోతున్నాయి. ఆయన రెండు కాళ్లూ కుర్చీ మీదికి లాక్కున్నాడు.

"ఆపుండమ్మా, ఆపుండి! సమజైంది!"

"గివి బిందెల నీళ్లే సారు. వానొస్తే మంచాలెక్కి కూసుంటం" అంది అత్తమ్మ.

ఆయన అలా కాళ్లు పైన పెట్టుకునే కమిషనర్‌కు ఫోన్ చేశాడు. మధ్యాహ్నానికి కమిషనరే వచ్చాడు. గట్లు దాటుకుంటూ ఇల్లిల్లూ దిగి చూశాడు. "తవ్వే ఎయ్యిపిస్త. నీళ్లు పోయే మోరీ సుత సరిజేపిస్త. జర ఓపిక పట్టుండ్రి" అన్నాడు. "గట్లనే అంటరు" అని మా ఆయన పెదవి విరిచాడు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మలేదు.

కానీ వానలకు ముందే రోడ్డు పగలగొట్టే మిషన్ వచ్చింది. దాని అదురుకు ఇంట్లో గిన్నెలు గలగలలాడుతుంటే ఒక్కరూ విసుక్కోలేదు. పొర కింద పొర లేచింది. మా వాకిట్లో పెళ్లలు తీస్తుంటే మామ వేయించిన బండల మెట్టు బయటపడింది, దాని కింద రెండోదీ. అత్తమ్మ రెంటినీ కడిగి, పసుపు రాసి, పై మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. గెలిచి ఏడవడం ఎంత బాగుంటుందో ఆ రోజే తెలిసింది.

కొత్త రోడ్డు మీద మొదటి పెద్దవాన పడ్డప్పుడు గల్లీ మొత్తం గుమ్మాల్లో నిలబడి చూసింది. నీళ్లన్నీ మోరీలోకి పరుగెత్తాయి. మా గడప మీది పసుపు పసుపుగానే ఉంది. ఇల్లమ్మే మాట మా ఆయన మళ్లీ ఎత్తలేదు. వాన నెమ్మదించాక ఇంజనీరు రెయిన్‌కోటు వేసుకుని మోరీ చూసుకోవడానికి వచ్చాడు. అత్తమ్మ గుమ్మంలోంచి కేకేసింది.

"సారు, చాయ్ తాగి పో! చెప్పులు మెట్టు మీదనే ఇడువు. ఇయ్యాల అవి నీ ఎనకాల లోపలికి రావు."