మెట్లు నీలమ్మవి, పలకలు గల్లీవి

నీలమ్మంటే మా గల్లీలో ఎవరికీ పడదు. నాకు అసలే పడదు. అయినా సంఘం సంచికలో ఆమె మీద ఒక వ్యాసం ఉండి తీరాలని కుర్రవాళ్ళు పట్టుబట్టారు. రాయడానికి ఒక్కడూ ముందుకు రాలేదు. రాస్తే ఆమె గుమ్మం ముందుకొచ్చి తిడుతుందని భయం. ఆమె చేత తినాల్సిన తిట్లన్నీ నేను ఎప్పుడో తినేశాను కాబట్టి నేనే రాస్తున్నాను.

నా పేరు ఆదిశేషయ్య, మా గల్లీ సంఘం అధ్యక్షుణ్ణి. గుడివాడ దగ్గర పల్లెటూరి బళ్ళో చదువుకొని, అటెండరుగా హైదరాబాదు వచ్చి, ప్రైవేటుగా పరీక్షలు కట్టి హెడ్ క్లర్కుగా రిటైరైనవాణ్ణి. హుస్సేనీ ఆలంలో ఈ గల్లీకి మంచినీళ్ళ కుళాయి తెచ్చింది నేను. మోరీల మీద బండలు వేయించింది నేను. వీధి దీపాలు వెలిగేలా చేసిందీ నేనే. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ మధ్య గల్లీకి సోలారు తెచ్చిందెవరని అడిగితే పిల్లలు నీలమ్మ పేరు చెబుతున్నారు. తెచ్చింది నేను. నిలబెట్టింది ఆమె. ఈ రెండో ముక్క రాయడం నాకేమీ ఇష్టం లేదు. అబద్ధం రాయడం అంతకన్నా ఇష్టం లేదు.

నీలమ్మ భర్త ఆనందరావు ఒక సర్కారీ కర్మాగారంలో ఫిట్టరు. మనిషి సౌమ్యుడు, ఆదివారం చర్చికి, మిగతా రోజులు డ్యూటీకి. వాళ్ళది అగ్గిపెట్టెంత స్థలంలో గది మీద గది పేర్చిన ఇల్లు. గల్లీలో అప్పటికి అదే ఎత్తు. ఆమె కింది గదిలో కూర్చొని జాకెట్లు కుట్టేది. మొఘల్‌పురా నుంచి కూడా ఆడవాళ్ళు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. కుట్టు బాగుంటుంది. నోరే బాగుండదు.

తొంభై ఆరు ప్రాంతంలో కరెంటు కోతలతో సాయంత్రమైతే గల్లీ అంతా చీకటి. ఆ చీకటితో బాగుపడినవాడు బసవయ్య. వీధి మొదట్లో డీజిల్ జనరేటరు పెట్టి, ఇంటికొక బల్బు చొప్పున వైర్లు లాగి నెలనెలా వసూలు చేసేవాడు. క్రిస్మస్ ముందు రోజుల్లో నీలమ్మ ఇంట్లో గుడ్డలు గుట్టలుగా పడి ఉన్నాయి. ఒక సాయంత్రం ఆమె జనరేటరు దగ్గరికి వెళ్ళింది.

"బసవయ్యా, బల్బు గిట్ల గుడ్డిగ మండుతె సూదిల దారం ఎట్ల ఎక్కియ్యాలె?"

"ఇష్టముంటె వాడుకో. లేకుంటె దీపం ముట్టిచ్చుకో."

"ఉత్తగ ఇస్తున్నవా? పైసలు తీసుకుంటలేవా?"

బసవయ్య ప్లయరు తీసి, అందరూ చూస్తుండగా ఆమె వైరు పుటుక్కున తెంచేశాడు. "ఇప్పుడు మంచిగ కనబడుతదా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ పండక్కి ఆమె కుట్టాల్సిన జాకెట్లు సగం తిరిగి వెళ్ళిపోయాయి. ఆనందరావు సర్దిచెప్పబోతే, "నా బల్బు ఇంకొకని చేతిల ఉండొద్దు, గంతే" అందట. తరవాత జరిగిన రభసకంతా ఈ మాటే మూలం.

తొంభై ఎనిమిదిలో సబ్సిడీ మీద సోలారు పలకలు ఇస్తున్నారని ఆఫీసులో విన్నాను. చెప్పులరిగేలా తిరిగాను. పన్నెండు ఇళ్ళ చేత చందా వేయించి, గల్లీ మొత్తానికి ఒకటే ఏర్పాటు శాంక్షన్ చేయించాను. కోత వేళల్లో ఇంటికొక ట్యూబులైటు, ఒక చిన్న ఫ్యాను. ఏ ఒక్కడి సొంతమూ కాదు, పన్నెండు ఇళ్ళదీ. పలకల మీద ఒక మూల నీడ పడినా వరస మొత్తం మందగిస్తుందని బిగించేవాళ్ళు చెప్పారు. అందుకని నీలమ్మ మేడ మీద పెట్టించాను. బ్యాటరీలు ఆమె మెట్ల కింద. పలకలు తుడిచే పని ఎల్లేష్‌కి అప్పగించాను. అతను మోటార్లు చుట్టే మెకానిక్, కరెంటు తెలిసినవాడు.

పాతబస్తీలో మగవాడు మేడ ఎక్కాలంటే ముందు కిందినుంచే 'పర్దా!' అని కేక వేయాలి. చుట్టుపక్కల వాకిళ్ళలో ఆడవాళ్ళు లోపలికి వెళ్ళేదాకా ఆగి అప్పుడు ఎక్కాలి. సున్నం వేసేవాడికైనా, యాంటెన్నా తిప్పేవాడికైనా ఇదే మర్యాద. ఎల్లేష్‌కి తెలియక కాదు, రోజూ ఎక్కే మేడే కదా అని అలుసు. పైకి వెళ్ళి, తడిగుడ్డ పిండుకొని, అప్పుడు తీరిగ్గా 'పర్దా' అన్నాడు. పడమటి పక్క సకీనా బీ వాకిట్లో ఆమె కోడళ్ళు తలంటు పోసుకొని జుట్టు ఆరబెట్టుకుంటున్నారు.

సకీనా బీ కొడుకు అబ్బాస్ కర్ర పట్టుకొని వచ్చాడు. "కౌన్ హై రే ఊపర్? కిందికి దిగు, పండ్లు రాలగొడ్త!"

"పర్దా అన్న గద భాయ్!"

"చూసినంక అంటవా?"

ఎల్లేష్ కిందికి దిగడానికి గంట పట్టింది. పలకలు పీకేయాల్సిందేనని అబ్బాస్ కూర్చున్నాడు. చివరికి సకీనా బీ తన తలుపు వెనకనుంచి తీర్పు చెప్పింది. "ప్లేట్లు ఉండనియ్యిండ్రి. మగోళ్ళు ఎక్కొద్దు. నీలమ్మ ఎక్కుతది. ఆమెతోని మాకు పర్దా ఏంది?"

"బ్యాటరీల సంగతి నీలమ్మకేం తెలుసు?" అన్నాను నేను.

నీలమ్మ నా వైపు తిరిగింది. "చెప్తె తెలుస్తది సారూ. నువ్వు పుట్టంగనె ఫైలు రాసినవా?"

అలా మేడ మెట్ల తాళం ఆమె బొడ్లోకి వెళ్ళింది. దాంతోపాటే పన్నెండు ఇళ్ళ స్విచ్చులూ ఆమె చేతికి వెళ్ళాయి, బోర్డు ఉన్నది ఆమె మెట్ల దగ్గరే కాబట్టి.

మబ్బు పట్టిన రోజు బ్యాటరీ నిండదు. ఉన్నదాన్ని అందరికీ సమానంగా పంచాలని సంఘం తీర్మానం. అది రాసింది నేనే. నీలమ్మ లెక్క వేరు. రంజాను నెలలో రోజా ఉపవాసం విడిచే వేళకి, ఆ ఇళ్ళలో వెలుగు కోసం మా ఇళ్ళ ఫ్యాన్లు ఆపేసేది. పరీక్షల నెలలో చదివే పిల్లలు లేని ఇళ్ళకి చీకటే. ఎవరింట్లోనైనా బాలింత ఉంటే ఆ ఫ్యాను ఆగదు. దాని కోసం పక్కింటివాళ్ళు ఉక్కపోతలో ఉడకాలి. అదేమిటని అడిగితే, "నీ కోడలు కన్నప్పుడు నీకిస్త, పో" అనేది. మా ఆవిడ కమలకుమారి ఒకసారి ఆ లైను మీద ఇస్త్రీ పెట్టె పెట్టింది. గల్లీలో లైట్లన్నీ మసకబారాయి. నీలమ్మ మా గుమ్మంలో నిలబడి, "కమలమ్మా, సారు అంగీకి మడతలుంటె ఆఫీసు కూలుతదా?" అని వెళ్ళి మా స్విచ్చు ఆపేసింది. వారం రోజులు మళ్ళీ వేయలేదు. గల్లీ మొత్తం అవసరం ఒక మనిషి నాలుక మీద వేలాడటం తప్పని నేను ఆనాడూ అన్నాను, ఈనాడూ అంటాను.

అందుకే రెండువేల రెండులో బసవయ్య కొత్త బేరంతో వస్తే గల్లీ ఎగబడింది. సోలారు వల్ల వాడి బల్బుల గిరాకీ అంతా పోయింది. పలకలు, బ్యాటరీలు తనకి కాంట్రాక్టుకి ఇస్తే, జనరేటరు కూడా కలిపి ప్రతి ఇంటికీ టీవీ నడిచేంత కరెంటు ఇస్తానన్నాడు. క్రికెట్ ప్రపంచ కప్పు దగ్గర పడుతోంది. మా వసారాలో మీటింగు పెట్టాను.

"ఇయ్యాల టీవీ అంటడు, రేపు ప్లయరు తీస్తడు," అంది నీలమ్మ. "నా వైరు తెంపినప్పుడు మీరంత ఆడనే ఉన్నరు గద. నవ్విన్రు గూడ."

"నీ నోటికన్న వాని ప్లయరే నయం," అన్నాడు ఎల్లేష్. మళ్ళీ నవ్వారు.

బోర్డు బసవయ్యకీ వద్దు, నీలమ్మకీ వద్దు, సంఘం గదిలో ఉండాలని నేను ప్రతిపాదించాను. దానికి చేయెత్తింది నేనొక్కణ్ణే. అబ్బాస్‌తో సహా అందరూ బసవయ్య వైపు ఎత్తారు. నీలమ్మ తాళంచెవి తీసి నా ముందు పడేసింది.

"తీర్మానం మీది, తీస్కోండ్రి. కాని వాని మనుషులు మేడెక్కితె సకీనా బీ ఊకుంటదా? అది గూడ మీరే చూస్కోండ్రి."

బసవయ్య మనుషులు బీడీలు కాల్చుకుంటూ ఎక్కేవాళ్ళు. కూరగాయలమ్మేవాడిలా 'పర్దా పర్దా' అని ఒక కేక పారేసి, ఆగకుండానే పైకి వెళ్ళేవాళ్ళు. సకీనా బీ ఈసారి కర్రలు పంపలేదు. "వానికే చెయ్యెత్తినవు గద బేటా, ఇప్పుడు గోడ లేపు" అంది కొడుకుతో. ఆమె మిద్దె మీద, నీలమ్మ మేడ వైపున పర్దా గోడ లేచింది. ఒక్క గోడ ఎందుకు దండగ అని అబ్బాస్ దానికి ఇంకో మూడు కలిపి, కప్పు వేసి, గదే కట్టేశాడు. వాళ్ళ స్థలం, వాళ్ళ ఇటుకలు. ఎవరేమనగలరు?

గోడ పడమటిది. పొద్దు కాస్త వాలగానే దాని నీడ పలకల మీద పడేది. బ్యాటరీలు సగం కూడా నిండక ఒక్కొక్కటే చావడం మొదలెట్టాయి. బసవయ్య కొన్నాళ్ళు జనరేటరుతో నెట్టుకొచ్చి, టీవీలు బంద్ అన్నాడు, తరవాత ఫ్యాన్లు బంద్ అన్నాడు. చివరికి ఒక పొద్దున తోపుడు బండి, ఇద్దరు మనుషులతో వచ్చాడు. పలకలు పనిచెయ్యటం లేదట, పీకి తన ఫంక్షన్ హాలు మీద పెట్టుకుంటాడట.

మెట్ల తలుపుకి కొత్త తాళం వేసి ఉంది. దాని ముందు నీలమ్మ కుట్టుమిషను అడ్డంగా పెట్టుకొని కూర్చుంది.

"తాళం తియ్యి."

"ఎందుకు తియ్యాలె?"

"కాంట్రాక్టు నాది. సంతకాలున్నయి."

"కాంట్రాక్టు కరెంటిచ్చేటందుకు. ఇస్తున్నవా? మెట్లు నావి. ప్లేట్లు గల్లీవి. నీదేముందిరా ఈడ?"

"నేను వైర్లు పీకిన్నంటె పన్నెండిండ్లు చీకటే!"

"పీకు. నీకొచ్చిన పని గదొక్కటే."

ఆ కాంట్రాక్టు కాగితం రాసింది నేనే కనక నేనూ అడ్డు నిలబడ్డాను. కరెంటు ఇవ్వకపోతే రద్దు అని అందులో ఉంది. బసవయ్య నన్నూ నా కాగితాన్నీ కలిపి తిట్టి, జనరేటరు వైర్లన్నీ తెంచుకొని వెళ్ళిపోయాడు.

గల్లీ కోపమంతా నీలమ్మ మీద పడింది. కుళాయి దగ్గర ఆమె బిందె వెనక్కి నెట్టేవాళ్ళు. జాకెట్లు ఇవ్వడం మానేశారు. ఉన్న రెండు మూడు కుట్లు కూడా చీకట్లో సాగేవి కావు. "ఒక్క మాట తగ్గు నీలమ్మా" అన్నాను. "తగ్గితె వెలుగొస్తదా సారూ?" అంది.

ఆ మధ్యాహ్నమే ఆమె సకీనా బీ ఇంటికి వెళ్ళి గోడ తీసేయమంది. ఇద్దరి గొంతులూ గల్లీ చివరిదాకా వినిపించాయి.

"గోడ తియ్యి, సకీనా బీ. నీ ఇంట్ల గూడ చీకటే గద!"

"కట్టిన గోడ కూలగొడ్తమా? నా చిన్న కోడలు ఆ గదిల ఉంటున్నది."

"అయితె ప్లేట్లు ఏడ పెట్టాలె, నా నెత్తి మీదనా?"

"నా గది మీద పెట్టు. ఇప్పుడు నీ మేడకన్న నాదే ఎత్తు."

నీలమ్మ వెంటనే అడిగింది. "బోర్డు?"

"ప్లేట్లు ఏడుంటె బోర్డు ఆడనే."

"అంటె నా బల్బు నీ చేతికియ్యాల్నా? బసవయ్యకే ఇయ్యలే, నీకెందుకిస్త?"

"అరె, బోర్డు తాళం నీ చేతిల పెట్టుకో! నా ఇంట్లకు రాకుండ నువ్వు తియ్యలేవు. నువ్వు రాకుండ నేను తియ్యలేను. ఇంకేం కావాలె నీకు?"

ఈసారి నీలమ్మ ఒప్పుకుంది. ఆమె ఇంకొకరి మాటకి ఒప్పుకోవడం గల్లీలో అదే మొదలు.

నేను గట్టిగా అభ్యంతరం చెప్పాను. అధ్యక్షుడు అడుగు పెట్టలేని ఆడవాళ్ళ జనానాలో సంఘం ఆస్తి ఎలా ఉంటుంది? సకీనా బీ పరదా వెనకనుంచే, "సదర్ సాబ్, ఆప్ బాహర్ బైఠో" అంది. బయటే కూర్చున్నాను. పలకలని ఆడవాళ్ళే మోశారు. నీలమ్మ, సకీనా బీ కోడళ్ళు, చివరికి మా కమలకుమారి కూడా. వైర్లు కలపడానికి ఎల్లేష్ రాక తప్పలేదు. అతను గల్లీలో నిలబడి 'పర్దా' అని, లోపలినుంచి 'ఆజావ్' అనేదాకా చెప్పులు కూడా విప్పలేదు. చచ్చిన బ్యాటరీల బదులు కొత్తవి శాంక్షన్ చేయించడానికి మళ్ళీ తిరిగింది మాత్రం నేనే.

ఇది జరిగి అయిదారేళ్ళు. బోర్డు ఎలా ఉందో ఇప్పటిదాకా నేను చూడలేదు. గల్లీలో ఏ మగవాడూ చూడలేదు. పంపకం ఏ లెక్కన జరుగుతోందో వాళ్ళిద్దరికే తెలియాలి. ఫిర్యాదు ఉంటే సకీనా బీ గుమ్మం దగ్గర, పరదాకి ఇవతల నిలబడి చెప్పుకోవాలి. మొన్న కోతలో మా ఫ్యాను ఆగిపోతే నేనూ వెళ్ళి నిలబడ్డాను.

"నీలమ్మా, మా స్విచ్చు ఎందుకు ఆపారు?"

లోపల ఒక గొంతు ఇద్దామంటోంది, ఇంకో గొంతు వద్దంటోంది. ఏది ఎవరిదో తెలియనంతగా రెండూ కలిసి అరుస్తున్నాయి. చాలాసేపటికి నీలమ్మ గట్టిగా అంది.

"జర ఆగు సారూ, మేమింక కొట్లాడుకుంటున్నం."