ముందు వరస కుర్చీ

పుస్తకాల షాపు మేడ మీద గదిలో ఆదివారం పాట ఉందంటే, ఆ టైలరు మధ్యాహ్నమే కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి బయల్దేరతాడు. మెడలో టేపు తీయడం మర్చిపోతాడు. నలభై కుర్చీల్లో ముందు వరస మొదటిది అతనిదే. జానపద బాణీలో సొంత పాటలు కట్టుకుని గిటారు మీద పాడే ఆ గాయకుణ్ణి, వినేవాళ్ళు ఐదుగురే ఉన్న రోజుల నుంచీ వింటున్నాడు. ఇప్పుడు గది నిండుతుంటే అతనికి కడుపు మండిపోతుంది. పక్కవాడు పల్లవి అందుకుంటే, "పాడేది ఆయనా, నువ్వా?" అని కసురుతాడు. చరణాలు తను మాత్రం పెదాలు కదుపుతూ పాడుకుంటాడు.

పోయిన ఆదివారం గాయకుడు తీగలు సవరించుకుంటూ, "ఈ పాట, మొదటి రోజు నుంచీ నన్ను వింటున్న ఒకరికి" అన్నాడు. టైలరు చొక్కా సర్దుకుని, చేతులు జోడించి లేచాడు. "స్తంభం పక్కన కూర్చునే నర్సక్కా, ఒకసారి లేవండి!" అన్నాడు గాయకుడు. చప్పట్లు మోగాయి. టైలరు కుర్చీ జరుపుకోడానికే లేచినట్టు, దాన్ని కాస్త ముందుకు లాక్కుని కూర్చున్నాడు.

ఈ ఆదివారం గంట ముందే వచ్చి స్తంభం పక్క కుర్చీ పట్టాడు. అక్కడి నుంచి గాయకుడు కనిపించడని పాట మొదలయ్యాకే తెలిసింది. నర్సక్క ఆలస్యంగా వచ్చి, అతన్ని చూసి నవ్వి, ఖాళీగా ఉన్న అతని ముందు వరస కుర్చీలో కూర్చుంది.